చేతులా, ఒళ్లా? ఇద్దరు కోచ్‌లు చెరో మాట చెప్పారు, బంతి ఇద్దరి మాటా వినట్లేదు

పక్కకెళ్లే_బంతి:

నాది కుడిచేతి వాటం. నాలుగేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. హ్యాండిక్యాప్ (ఎంత తగ్గితే ఆట అంత మెరుగు) 19 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. సమస్య ఒక్క ముక్కలో చెప్పాలంటే, నా స్వింగ్‌లో చేతులూ ఒళ్లూ వేరు కాపురాలు పెట్టాయి.

మొదటి కోచ్ ఆర్నెల్లపాటు ఒకటే పాట పాడాడు. "చేతుల్ని మర్చిపో, ఒళ్లు తిప్పు, చేతులు వాటంతటవే వస్తాయి" అని. తిప్పాను. ఎంత తిప్పితే బంతి అంత కుడికి పోయింది. గోల్ఫ్ కర్రల్లో (క్లబ్‌లు) అన్నిట్లోకీ పొడుగైన డ్రైవర్ సంగతి సరే, మధ్యరకం 7 ఐరన్‌తో కొట్టినా బంతి కొడవలిలా వంగేది. రెండో కోచ్ చూసి "ఇదేంటి, చేతులు చచ్చుబడ్డట్టున్నాయి, మణికట్లు తిప్పు, రిలీజ్ చెయ్యి" అన్నాడు. చేశాను. రెండు వారాలు స్వర్గం. ఆ తర్వాత హుక్, అంటే బంతి ఎడమకి వంగిపోవడం, మొదలైంది. ఇప్పుడు పది బంతుల్లో నాలుగు నేరుగా వెళ్తాయి, మూడు ఎడమవైపు తుప్పల్లోకి పోతాయి, మిగతా మూడింటికి క్లబ్ ముందు నేలని తవ్వి ఆ తర్వాత బంతిని పలకరిస్తుంది.

ఫోన్‌లో స్లో మోషన్ తీశాను, సెకనుకు 240 ఫ్రేములు. చూస్తే సిగ్గేసింది. డౌన్‌స్వింగ్ (క్లబ్ పైనుంచి బంతి మీదికి దిగడం) సగంలోనే నడుము తిరగడం ఆగిపోతోంది. క్లబ్ బంతి దగ్గరికి వచ్చేసరికి బెల్టు బకిల్ ఇంకా బంతినే చూస్తోంది, చేతులు మాత్రం గబగబా బోల్తా కొడుతున్నాయి. ఎడమ మణికట్టు వెనక్కి విరిగినట్టుంది. బంతి తగిలాక ఎడమ మోచెయ్యి కోడి రెక్కలా లేస్తోంది.

ఇందులో తప్పెవరిది? చేతులు తొందరపడితే ఒళ్లు ఆగుతోందా, ఒళ్లు ఆగినందుకు చేతులు తొందరపడుతున్నాయా? "నడుము ఆపకు" అని నాకు నేనే చెప్పుకుని కొడితే ప్రతి బంతీ కుడికే. పోయిన ఆదివారం 14వ హోల్‌లో కుడిపక్క చెరువుకి వరసగా మూడు బంతులు సమర్పించుకున్నాను. మొదట ఏది సరిచేయాలో చెప్పండి. రెండూ ఒకేసారి చేయమంటే మాత్రం నా వల్ల కాదు.

డ్రైవర్_పిచ్చోడు:

బ్రో, ఎక్కువ ఆలోచిస్తున్నావు. ఎడమ చంకలో గ్లోవ్ ఇరికించి సగం స్వింగులు కొట్టు. ఫిజీ ఆటగాడు విజయ్ సింగ్ రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) అలాగే ప్రాక్టీస్ చేసేవాడు. బంతి తగిలేదాకా గ్లోవ్ కింద పడకపోతే చెయ్యీ ఛాతీ కలిసి వస్తున్నట్టే. పడిందంటే చెయ్యి తన దారి తాను చూసుకుందన్నమాట. నాకైతే వారంలో తేడా తెలిసింది.

పాత_పెర్సిమన్:

మీ జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. "నడుము ఆపకుండా కొడితే ప్రతి బంతీ కుడికే" అన్నారు చూశారా, అసలు కథ అక్కడుంది. నాకు 63 ఏళ్లు. ఇదే జబ్బుని ఇరవై ఏళ్లకు పైగా మోశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ఒళ్లు ఎందుకు ఆగుతుంది? బద్ధకం వల్ల కాదు. కొందరికి నిజంగానే నడుము పట్టేసి ఉంటుంది, అది వేరే సంగతి. మీలాంటి వాళ్లకీ నాలాంటి వాళ్లకీ అది ఆగేది భయంతో. డౌన్‌స్వింగ్‌లో క్లబ్‌ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, తెరుచుకుని, కుడివైపు చూస్తూ దిగుతోంది. అలాగే తిరుగుతూ పోతే బంతి కుడికి పోతుందని మీ ఒంటికి తెలుసు. మీకు తెలియకపోవచ్చు, వేల బంతులు కొట్టిన ఒంటికి తెలుసు. అందుకే ఆఖరి క్షణంలో బ్రేకు వేస్తుంది. ఒళ్లు ఆగితే చేతులు దాన్ని దాటుకుని ముందుకు దూకుతాయి, ఫేస్ మూసుకుంటుంది, బంతి ఎలాగోలా గడ్డి మీదే ఉంటుంది. అంటే మీ ఒళ్లు ఆగడం తప్పు కాదు, అది మిమ్మల్ని కాపాడుతోంది. మొదటి కోచ్ ఆ కాపలాని తీసేశాడు, జబ్బుని అలాగే ఉంచాడు. రెండో కోచ్ ఆ కాపలానే ఇంకా గట్టిగా చేయించాడు. పాపం ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఇద్దరూ ఫేస్ వైపు చూడలేదు.

నేల తవ్వడం కూడా దీని పిల్లే. ఒళ్లు ముందుకు తిరగకుండా ఆగితే క్లబ్ అడుగుకి చేరే చోటు బంతికి వెనకే పడుతుంది. పైగా మణికట్లు ముందే విప్పేస్తున్నారు. ఇక నేల కాక ఇంకేం తగులుతుంది?

ఇప్పుడు చేతులకీ ఒంటికీ పని పంపకం. బకెట్ నిండా నీళ్లు దూరంగా చల్లాలనుకోండి. ఒక్క చేతులతో ఊపితే మీ కాళ్ల మీదే పోసుకుంటారు. బకెట్‌ని పొట్టకి కరిపించి మీరు మాత్రం గిర్రున తిరిగితే నీళ్లు బయటికే రావు. నీళ్లు నిజంగా దూరం వెళ్లాలంటే ముందు కాళ్లూ నడుమూ తిరుగుతాయి, ఛాతీ దాని వెంట వస్తుంది, చేతులు ఆ ఊపు మీద సాగుతాయి, చివర్లో బకెట్ తనంతట తనే తిరగబడుతుంది. స్వింగ్‌లోనూ అదే వరస. మొదట తుంటి, తర్వాత ఛాతీ, తర్వాత ఎడమ చెయ్యి, ఆఖర్న క్లబ్. ముందుది తన వేగం అందుకుని నెమ్మదిస్తుంటే ఆ వేగం తర్వాతదానికి చేరుతుంది. ఇక్కడ నెమ్మదించడం వేరు, మీరు చేస్తున్నట్టు బిగుసుకుపోవడం వేరు. బాగా కొట్టేవాళ్లకి బంతి తగిలే సమయానికి తుంటి దాదాపు 40 డిగ్రీలు లక్ష్యం వైపు తిరిగి ఉంటుంది. మీ బకిల్ ఇంకా బంతినే చూస్తోంది కదా, తేడా అది.

ఇంకో మాట. మీ వీడియోలో లెక్కపెట్టండి. క్లబ్ పైనుంచి దిగడం మొదలైన ఫ్రేము నుంచి బంతి తగిలే ఫ్రేము దాకా 60 నుంచి 75 లోపు ఉంటాయి. అంటే సెకనులో పావు వంతు, కాస్త అటూ ఇటూ. కంటికి కనబడినదానికి మనిషి చెయ్యి కదలడానికే దాదాపు అంత పడుతుంది. "ఇప్పుడు మణికట్టు తిప్పు" అని మెదడు చెప్పి పంపేలోపు బంతి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఫేస్ పంచాయితీ క్లబ్ దిగకముందే తేలిపోవాలి. గ్రిప్‌లో (క్లబ్ పట్టుకునే తీరులో) సగం, క్లబ్ పైకి వెళ్లినప్పుడు ఎడమ మణికట్టులో సగం.

మీరు చేయాల్సిన మొదటి పని రేంజ్‌కి వెళ్లడం కాదు. బ్యాగ్‌లోంచి గ్లోవ్ తీసి చూడండి. ఎక్కడ అరిగింది? చిటికెన వేలికి సూటిగా కింద, అరచేతి అడుగున, మణికట్టుకి కాస్త పైన ఉండే కండ దగ్గరైతే నాకు చెప్పండి. నాకు ఎప్పుడూ అక్కడే చిల్లు పడేది. చెమట వల్ల అనుకున్నాను. తోలు నాసిరకం అనుకున్నాను. సైజు మార్చాను, రకం మార్చాను, చివరికి వర్షంలో వాడే గ్లోవ్ ఎండలో వేసుకున్నాను. అసలు సంగతేమిటంటే క్లబ్ నా అరచేతిలో అడ్డంగా పడుకునేది. పైకి వెళ్లినప్పుడు కొంచెం జారేది, దిగేటప్పుడు మళ్లీ గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఆ రాపిడికి పడ్డ చిల్లు అది. అలా పట్టుకుంటే ఎడమ మణికట్టు పైన వెనక్కి వంగుతుంది, ఫేస్ తెరుచుకుంటుంది, తర్వాత కథంతా మీ వీడియోలో ఉన్నదే.

గ్లోవ్ డ్రిల్ చెప్పిన తమ్ముడికి ఒక మాట. డ్రిల్ మంచిదే. కానీ ఫేస్ తెరిచే ఉంటే చంకలో గ్లోవ్ ఉన్నా కుడికే పోతుంది. చేతులూ ఒళ్లూ చక్కగా, అన్యోన్యంగా కలిసి కుడికి కొడతాయి.

హికరీ_కర్ర:

పెర్సిమన్ గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, చేతుల్ని మరీ సాక్షి సంతకాలకి పరిమితం చేయకండి. అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ 1930లో నాలుగు పెద్ద టైటిళ్లూ ఒకే ఏడాది గెలిచింది హికరీ చెక్క కర్రలతోనే. నా దగ్గర పాత హికరీ ఐరన్ ఒకటుంది. దాన్ని గట్టిగా ఊపి చూస్తే అర్థమవుతుంది. ఆ కర్ర వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. దిగేటప్పుడు ఫేస్ వెనకబడిపోతుంది. చేతులతో దాన్ని సమయానికి తెచ్చి నిలబెట్టకపోతే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఆ కాలం వాళ్లు "చేతులు, చేతులు" అన్నారంటే ఊరికే అనలేదు.

అమెరికా గోల్ఫ్ సంఘం స్టీల్ షాఫ్ట్‌ని (క్లబ్ కర్రని) 1924లో, బ్రిటన్‌లో నియమాలు చూసే ఆర్ అండ్ ఏ 1929లో అనుమతించాయి. స్టీల్ అంతగా మెలి తిరగదు. దాంతో చేతుల్ని అంతగా దొర్లించాల్సిన పని తగ్గింది. బైరన్ నెల్సన్ హికరీతో నేర్చుకుని స్టీల్‌కి మారినవాడు. కాళ్లు ముందుండి నడిపేలా, చేతులు తక్కువ దొర్లేలా తన స్వింగ్ మార్చుకున్నాడు. 1945లో వరసగా 11 టోర్నమెంట్లు, మొత్తం 18 గెలిచాడు. మీ ఇద్దరు కోచ్‌ల గొడవ కొత్తది కాదన్నమాట. ఒకాయన కర్ర కాలం మాట చెప్పాడు, ఇంకొకాయన ఉక్కు కాలం మాట చెప్పాడు.

లెక్కల_మాస్టారు:

మీ ప్రశ్నలో ఒక సమాచారం లేదు. బంతి కుడికి పోయింది అంటున్నారు. కుడికి మొదలై కుడికి వంగిందా, నేరుగా మొదలై కుడికి వంగిందా? ఇవి రెండూ వేరు జబ్బులు. బంతి ఎటు మొదలవుతుందో ఎక్కువగా ఫేస్ తేలుస్తుంది. ఐరన్‌లో ముప్పావు వంతు దాకా, డ్రైవర్‌లో ఇంకా ఎక్కువ. ఎటు వంగుతుందనేది ఫేస్‌కీ క్లబ్ వెళ్లే దారికీ మధ్య తేడా. బంతి మధ్యకి కాకుండా ఫేస్ కొసకి తగిలితే ఈ లెక్క తప్పుతుంది, అందుకని ఫేస్ మీద కాస్త పౌడర్ చల్లి మచ్చ ఎక్కడ పడుతుందో కూడా చూసుకోండి.

రెండోది. వేగం గురించి చాలామందికి అపోహ ఉంది. డౌన్‌స్వింగ్‌ని లెక్కల్లో రెండు కర్రల లోలకంలా చూస్తారు. భుజం నుంచి చేతులదాకా ఒక కర్ర, చేతుల నుంచి క్లబ్ తలదాకా ఇంకోటి, మధ్యలో మణికట్టు బందు. పై కర్ర తిరుగుతుంటే కింది కర్ర బందు దగ్గర దానంతటదే విప్పుకుంటుంది. బంతి దగ్గర చేతుల వేగం క్లబ్ తల వేగంలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటుందంతే. బందుని బిగపట్టి ఆపినా, తొందరపడి ముందే తోసినా నష్టమే. చేతుల్ని "మెత్తగా ఉంచు" అనేది ఇందుకే, చచ్చుబడనివ్వమని కాదు.

పెర్సిమన్ గారు గ్రిప్ దగ్గరికే వస్తున్నారు కాబట్టి ఆయనతో చిన్న పేచీ. ఫేస్ సరిచేయడానికి ఎడమ చెయ్యి ఎక్కువ తిప్పి పట్టుకోవడం అందరికీ ఒకటే మందు కాదు. అమెరికా ఆటగాడు డస్టిన్ జాన్సన్ క్లబ్ పైకి వెళ్లినప్పుడు ఎడమ మణికట్టుని అరచేతి వైపు వంచుతాడు. ఫేస్ ఆకాశం వైపు మూసుకుని ఉంటుంది. అందుకే కిందికి వచ్చేటప్పుడు ఒళ్లు ఆపకుండా తిరగగలడు, తిరక్కపోతే బంతి ఎడమ పక్కకి పోతుంది. అదే మణికట్టుతో ఒళ్లు బిగుసుకునే మనిషి కొడితే హుక్ తప్ప ఇంకేం ఉండదు. చేతులు ఎలా పట్టుకుంటే ఒళ్లు అలా తిరగాలి. ఇంకొకడి చేతుల్ని తెచ్చి మన ఒంటికి అతికిస్తే పని చేయదు.

పాత_పెర్సిమన్:

మాస్టారితో నాకు పేచీ లేదు. ఆయన లెక్కతో చెప్పారు, నేను చిల్లుతో చెప్పాను.

పక్కకెళ్లే_బంతి:

గ్లోవ్ తీసి చూశాను. మీరు చెప్పిన చోటే చిల్లు. బ్యాగ్ అడుగున పాతవి ఇంకో రెండు దొరికాయి. మూడింటికీ ఒకే చోట, నాణెం పట్టేంత. నాలుగేళ్లుగా సాక్ష్యం బ్యాగ్‌లో వేసుకుని తిరుగుతున్నాను! ఫ్రేములు లెక్కపెడితే 68 వచ్చాయి. పైన ఆపి చూస్తే ఎడమ చెయ్యి వెనక గ్లోవ్ మీద ముడతలు, మణికట్టు వెనక్కి వంగి ఉంది.

మాస్టారూ, ఇరవై బంతులు రాసుకున్నాను. నడుము తిప్పాలని ప్రయత్నించినప్పుడు కుడికి మొదలై ఇంకా కుడికి వంగినవే ఎక్కువ. ఇప్పుడు గ్రిప్ ఎలా మార్చాలి? ఒంటి సంగతి ఎప్పుడు చూడాలి?

పాత_పెర్సిమన్:

క్లబ్‌ని ఎడమ చేతి వేళ్ల మొదట్లో పెట్టండి, చూపుడు వేలి మధ్య కణుపు నుంచి చిటికెన వేలి మొదలుకి ఏటవాలుగా. అరచేతి కండ పైన కూర్చోవాలి, కింద కాదు. వంగి చూస్తే ఎడమ చేతి వేళ్ల కణుపులు రెండు, రెండున్నర కనబడాలి. మీకు ఇప్పుడు ఒకటే కనబడుతూ ఉంటుందని నా పందెం. కుడి అరచెయ్యి ఎడమ బొటనవేలి మీద మూతలా పడాలి.

ఇది మొదట్లో చాలా అసహ్యంగా ఉంటుంది. వేరేవాళ్ల చెప్పులు వేసుకున్నట్టుంటుంది. నేను మూడు వారాలు బంతి ముట్టుకోలేదు. టీవీ ముందు కూర్చుని, పట్టుకుని వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం, అంతే. మా ఆవిడ రిమోట్ నా పక్కన పెట్టి, నా చేతిలో ఉన్నది దేనికి పనికొస్తుందని అడిగేది.

తర్వాత రేంజ్‌కి వెళ్తే బంతులు ఎడమకి పోతాయి. అన్నీ. అక్కడే చాలామంది పాత గ్రిప్‌కి పారిపోతారు. మీరు పారిపోకండి. ఫేస్ మూసుకుని వస్తోంది, ఒళ్లు మాత్రం పాత అలవాటు కొద్దీ ఇంకా ఆగుతోంది, కాబట్టి ఎడమకే పోతుంది. పోనివ్వండి. కొన్నాళ్లకి మీ ఒళ్లే కనిపెడుతుంది, ఆగితే ఎడమకి, తిరిగితే నేరుగా అని. నా నడుము తిరగడం నేర్చుకుంది ఎవరి మాటతోనూ కాదు, బంతి ఎడమకి పోతుందన్న భయంతో. పాత భయం పోయి కొత్త భయం వచ్చింది, అంతే తేడా.

ఒక్క డ్రిల్ చేయండి, ఎక్కువ వద్దు. 7 ఐరన్‌ని రెండు చేతుల మధ్య నాలుగు వేళ్ల ఎడం వదిలి పట్టుకోండి. నడుమెత్తు నుంచి నడుమెత్తు దాకా నెమ్మదిగా ఊపండి. ఒళ్లు ఆగి చేతులు బోల్తా కొడితే ఎడమ మణికట్టు మడతపడి పొడుస్తుంది, వెంటనే తెలుస్తుంది. ఒళ్లు తిరుగుతూ పోతే రెండు చేతులూ ఛాతీ ముందే ఉంటాయి, పిడి కొస మీ బొడ్డు వైపే చూస్తుంది. పది ఊపులు అలా, తర్వాత మామూలుగా పట్టుకుని ఒక బంతి. వేగం గురించి నెల దాకా మర్చిపోండి.

పక్కకెళ్లే_బంతి:

ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను.

కణుపు ఒకటే కనబడేది, పందెం మీరే గెలిచారు. మొదటి 200 బంతులూ ఎడమకే. రేంజ్‌లో ఎడమ పక్క వల కట్టిన స్తంభానికి ఒకే గంటలో రెండుసార్లు ఠంగుమని తగిలింది. పక్క బేలో ఆయన తన బుట్ట తీసుకుని నాలుగు బేలు అవతలికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి పాత గ్రిప్ పట్టుకుని చూశాను, అబద్ధమెందుకు. హాయిగా అనిపించింది. గ్లోవ్‌లు మూడూ టేబుల్ మీద పెట్టుకుని మళ్లీ మార్చుకున్నాను.

మూడో వారం చివర్లో ఒక బంతి కొట్టాను. బంతి వెళ్లాక చూసుకుంటే నా బకిల్ లక్ష్యం వైపు ఉంది. నేను తిప్పాలని అనుకోలేదు. చేతులు ఏం చేశాయో గుర్తు కూడా లేదు. మ్యాట్ మీద కదా, తెలియలేదు, మర్నాడు గడ్డి మీద కొడితే డైవాట్ (క్లబ్ తగిలి లేచే మట్టి పెళ్ల) బంతి ఉన్న చోటుకి ముందు లేచింది. ఇన్నాళ్లూ రెండు వేళ్లు వెనక లేచేది. ఆ మట్టి పెళ్లని ఫోటో తీశాను, నవ్వుకోండి.

డ్రైవర్ మాత్రం ఇంకా కుడికే. అదే గ్రిప్, అదే మనిషి. ఎందుకు?

లెక్కల_మాస్టారు:

డ్రైవర్ షాఫ్ట్ దాదాపు 45 అంగుళాలు, 7 ఐరన్ 37 దగ్గర ఉంటుంది. పొడుగు ఎక్కువ, తిరగాల్సిన దారి ఎక్కువ, ఫేస్ ఆలస్యంగా మూసుకుంటుంది. పైగా లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) తక్కువ, ఐరన్‌లో దాగిపోయే రెండు మూడు డిగ్రీల తప్పు డ్రైవర్‌లో పెద్ద వంపుగా కనబడుతుంది. బంతిని కూడా మరీ ఎడమ కాలి బొటనవేలి దాకా ముందుకు పెడుతున్నారేమో చూడండి. అలా పెడితే భుజాలు ముందే తెరుచుకుంటాయి.

పాత_పెర్సిమన్:

దానికంటే సులువు. నెల రోజులు దాన్ని ఇంట్లో పెట్టి రండి. డ్రైవర్ చేతికి రాగానే మనిషికి వేగం గుర్తొస్తుంది, వేగం గుర్తొస్తే భుజాలు ముందు పరిగెత్తుతాయి, చేతులు వెనక చిక్కుకుంటాయి.

పక్కకెళ్లే_బంతి:

పెట్టేశాను సార్. నిన్న 14వ హోల్‌లో టీ మీద డ్రైవర్ బదులు దానికంటే పొట్టి 5 వుడ్ తీశాను. కాస్త ఎడమకి మొదలైంది, అటే ఉండిపోయింది. చెరువు అసలు ఆటలోకే రాలేదు. తర్వాత బంకర్‌లో (ఇసుక గుంటలో) పడి బోగీ, అంటే లెక్కకంటే ఒక దెబ్బ ఎక్కువ. బంకర్ గురించి వేరే ప్రశ్న పెడతాను.